పేస్ టు ప్లాంట్: మేపుల్ నాటే ముందు నడవవలసిన వంద అడుగులు

చెట్ల సంరక్షణ పేరిట డబ్బుకు దొరికే సరుకులూ సేవలూ దాదాపు అన్నీ చెట్టుకు జబ్బు చేసిన తరువాత అక్కరకు వచ్చేవే. వేళ్ల దగ్గర పోసే మందు, కొమ్మల మీద చల్లే నూనె, ఎండిన కొమ్మలను కోసి బండికెక్కించే సేవ, అన్నీ ఆ కోవలోవే. ఈ సమీక్షలో నేను పరిచయం చేస్తున్నది వాటన్నిటికంటే ముందు జరగవలసిన పని. అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ కీటక శాస్త్రవేత్తలు ఆడమ్ డేల్, ఎల్సా యంగ్‌స్టెడ్, స్టీవెన్ ఫ్రాంక్ 2016లో ప్రకటించిన ‘పేస్ టు ప్లాంట్’ అనే పద్ధతి ఇది. దీనికి యంత్రం అక్కరలేదు, యాప్ అక్కరలేదు, రుసుము లేదు. మొక్క నాటదలచిన చోటి నుంచి నాలుగు వైపులా కలిపి వంద అడుగులు (కొలబద్ద అడుగులు కావు, నడకలో వేసే అంగలు) నడిచి, వాటిలో ఎన్ని తారు, కాంక్రీటు, ఇంటికప్పు వంటి నీరింకని నేల మీద పడ్డాయో లెక్క పెట్టుకుంటే, అక్కడ పెరిగే రెడ్ మేపుల్ ఆరోగ్యంగా ఉంటుందో, బెరడుకు అంటుకుని చెట్టును పీల్చే పొలుసు పురుగుల పాలవుతుందో ముందుగానే అంచనా వేయవచ్చు. కేరీ పట్టణంలోని మా కాలనీలో చెట్ల బాగోగులు చూసే కమిటీ సభ్యురాలిగా ఈ పద్ధతిని మా వీధుల్లో అమలు చేసి చూశాను, అంతకు ముందు కాలనీ డబ్బు పెట్టి చేయించిన మందుల వైద్యంతో పోల్చి చూశాను. నా అభిప్రాయం మొదటే చెబుతున్నాను: రెడ్ మేపుల్ నాటాలనుకునే ప్రతి ఇంటివారూ, ప్రతి కాలనీ సంఘమూ నర్సరీకి వెళ్లే ముందు ఈ వంద అడుగులు నడవాలి.

ఈ సంగతిని తెలుగులో రాయడానికి కారణం ఉంది. నార్త్ కరోలినా రాజధాని రాలీ నగరం చుట్టుపక్కల, ముఖ్యంగా కేరీ, మోరిస్‌విల్ పట్టణాల్లో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. కొత్త కాలనీల్లో ఇల్లు కొనుక్కున్నవారు ముందరి పచ్చికలో ఏదో ఒక చెట్టు నాటుకోవాలని ఆశపడతారు, నాటేటప్పుడు చాలామంది చూపు రెడ్ మేపుల్ మీదనే నిలుస్తుంది. తొందరగా ఎదుగుతుంది, ఏ నర్సరీలో అడిగినా దొరుకుతుంది, ఆకు రాలే కాలంలో కుంకుమ రంగు పరుచుకుంటుంది. అమెరికా తూర్పు భాగపు అడవుల్లో సహజంగా పెరిగే చెట్టు కాబట్టి దీనికి ఏ ఇబ్బందీ ఉండదన్న నమ్మకం కూడా తోడవుతుంది. ఆ నమ్మకం అడవిలో నిజమే. రోడ్డుకూ కాలిబాటకూ మధ్య నాలుగడుగుల మట్టిలో నాటినప్పుడు అది నిజం కాదు, ఎందుకు కాదో ఈ పద్ధతి వెనుక ఉన్న పరిశోధన చక్కగా వివరిస్తుంది.

ముందు పద్ధతి చెబుతాను. మొక్క నాటదలచిన చోట నిలబడి, అక్కడికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న నీరింకని నేల అంచు వైపు తిరగాలి. సాధారణంగా అది రోడ్డు అంచో, కాలిబాటో అవుతుంది. ఆ అంచుకు 45 డిగ్రీల కోణంలో 25 అడుగులు మామూలు నడకతో వేయాలి. పచ్చిక మీద, మట్టి మీద పడిన అడుగులను వదిలేసి, తారు మీదా కాంక్రీటు మీదా పడిన అడుగులను మాత్రమే లెక్కించాలి. తిరిగి బయలుదేరిన చోటికి వచ్చి, 90 డిగ్రీలు పక్కకు తిరిగి మరో 25 అడుగులు, ఆపైన అదే విధంగా మిగిలిన రెండు వైపులా నడవాలి. మొత్తం వంద అడుగులు కాబట్టి లెక్కలో వచ్చిన సంఖ్యే శాతం. ఇరవై అయిదు అడుగులు సుమారు 20 మీటర్ల దూరం అవుతుంది. అంటే చెట్టు చుట్టూ ఆ మేరకు ఉన్న నేలలో ఎంత భాగం కప్పబడి ఉందో కొలిచినట్టవుతుంది. ఏటవాలుగా నడవమనడంలో మంచి ఆలోచన ఉంది. రోడ్డు పొడవునా నడిస్తే అడుగులన్నీ పచ్చిక పట్టీ మీదనే పడిపోవచ్చు, రోడ్డుకు అడ్డంగా నడిస్తే దాన్ని రెండు అంగల్లో దాటిపోవచ్చు. వీధులూ ఇళ్లూ గళ్లు గీసినట్టు ఉండే కాలనీల్లో ఏటవాలు నడకకే రెండూ సరైన పాళ్లలో అందుతాయి.

ఫలితాన్ని చదువుకోవడం ఇంకా సులభం. నీరింకని నేల మూడో వంతుకు మించకపోతే రెడ్ మేపుల్ నాటుకోవచ్చు, చెట్టు మంచి స్థితిలో ఉండే అవకాశం ఎక్కువ. మూడో వంతు దాటి మూడింట రెండు వంతుల లోపల ఉంటే చెట్టు బతుకుతుంది గాని ఓ మాదిరిగా ఉంటుంది, దాని ఆలనాపాలనా ఎవరో ఒకరు చూడవలసి వస్తుంది. మూడింట రెండు వంతులు దాటితే అక్కడ రెడ్ మేపుల్ నాటడం అంటే జబ్బు చెట్టును కొని తెచ్చుకోవడమే. ఈ హద్దులు ఎవరో ఊహించి గీసినవి కావు. రాలీ నగరంలో వీధుల పక్కన పెరుగుతున్న రెడ్ మేపుల్ చెట్ల చుట్టూ ఉన్న నేలనూ, ఆ చెట్ల ఆరోగ్యాన్నీ, వాటి మీది పురుగులనూ పక్కపక్కన పెట్టి చూసి తేల్చినవి.

ఆ పురుగు పేరు గ్లూమీ స్కేల్, శాస్త్రీయ నామం మెలనాస్పిస్ టెనెబ్రికోసా. మన వ్యవసాయ భాషలో చెప్పాలంటే ఒక జాతి పొలుసు పురుగు. ఆవగింజకంటే చిన్నదైన బూడిద రంగు బొడిపెలా బెరడుకు అంటుకుని ఉంటుంది, చూసినవారు దానిని పురుగని గుర్తించరు, బెరడు స్వభావమే అంత అనుకుంటారు. మైనమూ తాను విడిచిన చర్మమూ కలిపి కట్టుకున్న గట్టి కప్పు కింద దాక్కుని బెరడులోని కణాలను పీల్చుకుంటుంది. చెట్టు నిండా పట్టిన తరువాత బెరడు గరుకుగా, నల్లబారి, మసి పూసినట్టు కనిపిస్తుంది. పైకొమ్మల్లో ఆకు పలచబడుతుంది, చివర్లు ఎండుతాయి. ఏడాదికి ఒకే తరం. వసంతం చివర నుంచి వేసవి మధ్య దాకా పిల్ల పురుగులు వారాల తరబడి కొద్దికొద్దిగా బయటికి వచ్చి, చాలావరకు పుట్టిన చెట్టు మీదనే, పుట్టిన కొమ్మకు దగ్గరలోనే కుదురుకుంటాయి. అందువల్ల ఒక చెట్టు మీది మంద ఏటేటా ఆ చెట్టు మీదనే పెరుగుతుంది.

నగరం ఈ పురుగుకు చేసే మేలు ఏమిటన్నది అసలు ప్రశ్న. నేను ఈ పరిశోధన చదవక ముందు, నగరాల్లో పురుగులు ఎక్కువగా ఉండడానికి వాటిని తినే మిత్ర పురుగులు తగ్గిపోవడమే కారణమని అనుకునేదాన్ని. చాలాకాలం శాస్త్రవేత్తలు చెప్పిన వివరణ కూడా ప్రధానంగా అదే. పొదలూ పూల మొక్కలూ లేని చోట కందిరీగలకూ అక్షింతల పురుగులకూ చోటుండదు కాబట్టి అది సబబుగానే తోస్తుంది. డేల్, ఫ్రాంక్ కలిసి 2014లో ప్రకటించిన అధ్యయనం ఆ వివరణను పక్కకు జరిపింది. వారు రాలీ నగరపు ఉపరితల ఉష్ణోగ్రతల పటం దగ్గర పెట్టుకుని, వేడి చోట్లలోనూ చల్లని చోట్లలోనూ పెరిగే రెడ్ మేపుల్ చెట్లను ఎంచుకుని, చుట్టూ ఉన్న కాంక్రీటునూ, పచ్చదనాన్నీ, చెట్టు గుబురులోని వేడినీ, మిత్ర పురుగుల సంఖ్యనూ విడివిడిగా కొలిచారు. నీరింకని నేల పెరిగిన కొద్దీ పొలుసు పురుగులు పెరిగాయి, కాని అలా పెరగడానికి దారి మిత్ర పురుగుల కొరత కాదు, చెట్టు చుట్టూ పెరిగిన వేడి. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే ఒక్కో ఆడ పురుగు సుమారు 14 గుడ్లు అదనంగా మోస్తుందని వారి లెక్కలో తేలింది. ఏడాదికి ఒకే తరమైనా, పుట్టినవన్నీ అదే చెట్టు మీద ఉండిపోతాయి గనుక ఆ పద్నాలుగు గుడ్లు చక్రవడ్డీలా పెరుగుతాయి. పక్కపక్క వీధుల్లో ఒకే ఏడు నాటిన రెండు మేపుల్ చెట్లలో ఒకటి నిగనిగలాడుతూ, ఇంకొకటి నల్లబారి కనిపించడానికి ఒకటి రెండు డిగ్రీల తేడా చాలునన్నమాట.

వేడికి తోడుగా దాహం ఉంది. తారు రోడ్డు పగలంతా ఎండను మింగి రాత్రి వదులుతుంది; దాని మీద పడిన వాన వేళ్లకు అందకుండా కాలువలోకి పోతుంది. అదే శాస్త్రవేత్తలు 2017లో ప్రకటించిన మరో అధ్యయనంలో, వేడీ నీటి ఎద్దడీ కలిసిన చెట్ల మీద ఆడ పురుగుల సంతాన శక్తి మరింత పెరిగినట్టు తేలింది. చెట్టును నీరసపరిచే పరిస్థితే పురుగును బలపరుస్తుంది. పేస్ టు ప్లాంట్ లెక్కలో నేను అన్నిటికంటే మెచ్చుకునే సంగతి ఇదే: వేడిని థర్మామీటరుతో కొలవాలి, నేలలోని తేమను మరో పరికరంతో కొలవాలి, పురుగులను భూతద్దంతో లెక్కించాలి, ఈ మూడింటికీ మూలమైన నీరింకని నేలను మాత్రం కాళ్లతో కొలవవచ్చు. శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి పడిన కష్టాన్ని ఇంటివారు పది నిమిషాల్లో వాడుకునే రూపంలోకి తేవడం అరుదు.

ఎల్సా యంగ్‌స్టెడ్ ముందుండి నడిపి, 2015లో వెలువడిన అధ్యయనం ఇంకొంచెం లోతుకు తీసుకుపోతుంది. మ్యూజియంలలో, విశ్వవిద్యాలయాల్లో ఎండబెట్టి దాచిన పాత రెడ్ మేపుల్ రెమ్మల మీద ఈ పొలుసు పురుగుల జాడలను వారు వెతికారు. వృక్ష శాస్త్రజ్ఞులు ఆకుల కోసం, పూల కోసం సేకరించిన రెమ్మల మీద ఎవరూ పట్టించుకోని బొడిపెలు నూరేళ్లుగా అలాగే ఉన్నాయి. వాతావరణం వెచ్చగా ఉన్న సంవత్సరాల్లో సేకరించిన రెమ్మల మీద అవి ఎక్కువగా కనిపించాయి. నగరంలో నేడు చూస్తున్న తెగులు రేపు వాతావరణం వేడెక్కిన అడవిలో చూడబోయేదానికి ముందస్తు సూచన కావచ్చునన్న వారి ఆలోచనకు ఆ ఎండు రెమ్మలు బలమిచ్చాయి. ఇంటి ముందు మొక్క నాటుకునేవారికి ఇది నేరుగా పనికిరాకపోవచ్చు. కాని చెట్టంటే ముప్పై నలభై ఏళ్ల పెట్టుబడి కాబట్టి, ఈనాటి హద్దు రేపటికి మరింత బిగుసుకోవచ్చునని గుర్తుంచుకోవడం మంచిది.

ఇక మా కాలనీలో చూసినది. మా వెనుక వాగు పొడవునా గ్రీన్‌వే కాలిబాట పోతుంది. ఆ గట్టున ఉన్న మేపుల్ చెట్ల దగ్గర నడిస్తే వందలో పాతిక అడుగులు కూడా కాంక్రీటు మీద పడలేదు. బెరడు బూడిద రంగులో నున్నగా ఉంది. భూతద్దంతో వెతికితే అక్కడక్కడ ఒకటి రెండు బొడిపెలు కనిపించాయి. ఇళ్ల ముందరి పట్టీల్లో లెక్క యాభై అటూ ఇటూగా వచ్చింది. అక్కడి చెట్లలో ఒక తీరు లేదు. నీరు పోసే ఇంటివారి చెట్టు పచ్చగా ఉంది, ఎవరూ పట్టించుకోని చెట్టు పైభాగం పలచబడింది. క్లబ్‌హౌస్ ముందరి పార్కింగ్ లాట్‌లో, కార్ల వరుసల మధ్య మట్టి దిబ్బల్లో నాటిన మేపుల్ చెట్ల దగ్గర సంఖ్య ఎనభై దాటింది. ఆ చెట్ల బెరడు మీద చెయ్యి పెడితే గరుకు కాగితం తగిలినట్టుంది; గోటితో గీస్తే కప్పులు రాలి కింద మెత్తని పురుగులు బయటపడ్డాయి. పద్ధతి చెప్పిన మూడు తరగతులూ మా కాలనీలో ఎదురెదురుగా నిలబడి కనిపించాయి. మా ఒక్క కాలనీలో చూసినది శాస్త్రీయ రుజువు కాదు. కాని సాధారణ నివాసి చేతిలో ఈ పద్ధతి సరిగ్గా పనిచేస్తుందా అన్న సందేహం నాకు మిగలలేదు.

నడకలో కొన్ని చిక్కులున్నాయి. ఇరవై మీటర్ల లోపల ఇల్లు అడ్డం వస్తే గోడలోంచి నడవలేము. ఇంటికప్పు కూడా నీరింకని నేలే కాబట్టి దాని కిందికి వచ్చే అడుగులను అంచనా వేసి కలుపుకోవాలి. పొరుగువారి పచ్చిక తొక్కవలసి వస్తే ముందుగా వారికి చెప్పుకోవడం మర్యాద. మేము వెళ్లిన ఇళ్లలో ఎవరూ కాదనలేదు, పైగా పిల్లలు వెంట వచ్చి అడుగులు లెక్కపెట్టారు. అంగ పొడవు మనిషికీ మనిషికీ మారుతుంది కదా అన్న ప్రశ్న మా కమిటీలో వచ్చింది. చూడవలసినది పాళ్లు గనుక పొడుగువారి లెక్కా పొట్టివారి లెక్కా పెద్దగా తేడా రాదు. కొలిచే వలయం మాత్రం కొద్దిగా పెరుగుతుంది, తరుగుతుంది. రెండు తరగతుల సరిహద్దులో ఉన్న చోట ఇద్దరు మనుషులు విడివిడిగా నడిచి చూసుకుంటే సరిపోతుంది. ఇటుకలు పరిచిన దారి, కంకర పోసిన చోటు లెక్కలోకి వస్తాయా రావా అన్నది నడిచేవారి విచక్షణకు మిగిలింది. సందులు సిమెంటుతో పూడ్చిన ఇటుకలను మేము లెక్కించాము, వదులు కంకరను లెక్కించలేదు.

డబ్బు పెట్టి చేయించిన వైద్యం సంగతి కూడా చెప్పాలి. పార్కింగ్ లాట్ చెట్లు నల్లబారడం చూసి మా సంఘం ఒక చెట్ల సంరక్షణ సంస్థను పిలిపించింది. వారు వచ్చి ‘స్కేల్’ అని రాసి, వేళ్ల దగ్గర ఇమిడాక్లోప్రిడ్ అనే అంతర్వాహిక (వేళ్ల నుంచి చెట్టంతా పాకే) పురుగుమందు పోశారు. మనిషి మర్యాదగా ఉన్నాడు, పని శుభ్రంగా చేశాడు, ఎండుకొమ్మలు నేర్పుగా తీశాడు. కాని వారి నివేదికలో అది ఏ జాతి స్కేల్ అన్న మాటే లేదు, అసలు లోపం అక్కడే ఉంది. పొలుసు పురుగుల్లో మెత్తని జాతులున్నాయి, గట్టి కప్పు జాతులున్నాయి. మెత్తని జాతులు చెట్టులో ఆహారం ప్రవహించే నాళాల నుంచి రసం పీలుస్తాయి, ఇమిడాక్లోప్రిడ్ వాటి మీద బాగా పనిచేస్తుంది. గ్లూమీ స్కేల్ గట్టి కప్పు జాతి, నాళాల జోలికి పోకుండా కణాలను పీల్చుకుంటుంది, అందువల్ల ఆ మందు దానికి సరిగా అందదు. మరుసటి వేసవిలో కొత్త పొలుసులు ఎప్పటిలాగే కనిపించాయి. ఎర్రనల్లి ప్రమాదం కూడా ఉంది. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఎల్మ్ చెట్లకు ఇదే మందు వాడినప్పుడు ఎర్రనల్లి విపరీతంగా పెరిగినట్టు 2011లో ప్రచురితమైన అధ్యయనం చూపించింది. రెడ్ మేపుల్ చలికాలం చివరనే పూస్తుంది, తేనెటీగలకు ఆ ఋతువులో దొరికే తొలి పుప్పొడిలో దానిది పెద్ద భాగం. అటువంటి చెట్టు ఒంట్లోకి మందు ఎక్కించే ముందు రెండుసార్లు ఆలోచించాలి.

ఆ తరువాత చలికాలంలో ఆకులు లేనప్పుడు హార్టికల్చరల్ ఆయిల్ చల్లించాము. ఇది పురుగును విషంతో కాక ఊపిరి ఆడకుండా చేసి చంపుతుంది, ఆరిన తరువాత ప్రభావం మిగలదు కాబట్టి మిత్ర పురుగులకు హాని తక్కువ. దాని వల్ల కొంత తగ్గింది. పొలుసుల మీద పొలుసులు పేరుకున్న చోట అడుగు వరసకు నూనె అందలేదు. మేపుల్ జాతుల్లో కొన్నిటికి ఈ నూనె పడకపోవచ్చు కాబట్టి సీసా మీది సూచనలు చదివి, పలచగా వాడాలి. ఇన్ని చేసినా పార్కింగ్ లాట్ వేడి అంతే ఉంటుంది, వేసవి తిరిగి వచ్చేసరికి మిగిలిన పురుగులు మళ్లీ గుడ్లు నింపుకుంటాయి. మందు ఖర్చు ఏటా వస్తుంది, చెట్టు ఏటా కొంత తగ్గుతుంది. పేస్ టు ప్లాంట్ విలువ నాకు పూర్తిగా బోధపడినది ఈ పోలికలోనే. ఆ దిబ్బల్లో మేపుల్ నాటిన రోజున ఎవరైనా వంద అడుగులు నడిచి ఉంటే ఈ ఖర్చులేవీ ఉండేవి కావు.

పద్ధతికి ఉన్న పరిమితులు కూడా చిన్నవి కావు. మొదటిది, ఇది రెడ్ మేపుల్ కోసం, రాలీ పరిసరాల్లో తయారైన లెక్క. మరొక చెట్టుకు, మరొక వాతావరణానికి ఇవే హద్దులు వర్తిస్తాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. రాలీకి ‘ఓక్ చెట్ల నగరం’ అని పేరు, అక్కడి వీధుల్లో విల్లో ఓక్ చెట్లు విస్తారంగా ఉన్నాయి. వాటికి పట్టేది వేరొక పొలుసు పురుగు, ఓక్ లెకానియం. ఇది మెత్తని జాతి. వసంతంలో చెట్టు కింద నిలిపిన కార్ల అద్దాల మీద జిగురు చుక్కలు పడుతున్నాయంటే, ఆ జిగురు మీద నల్లని మసి పట్టిందంటే అది దీని పనే కావచ్చు. ఎమిలీ మైనెకీ, ఫ్రాంక్ బృందం 2013లో చూపినదాని ప్రకారం రాలీలో వేడి చోట్ల ఈ పురుగు చల్లని చోట్లకంటే 13 రెట్లు ఎక్కువగా ఉంది. వేడి వీధుల నుంచి తెచ్చిన పురుగులనూ చల్లని వీధుల నుంచి తెచ్చిన పురుగులనూ గ్రీన్‌హౌస్‌లలో పెంచి చూస్తే, వేడి వీధుల పురుగులే వేడి గ్రీన్‌హౌస్‌లో ఎక్కువగా వృద్ధి చెందాయి. అంటే నగరపు వేడికి అవి అలవాటు పడిపోయాయి. మరుసటి ఏడు అదే బృందం ఇంకొక విషయం గమనించింది. వేడి చోట పొలుసు పురుగు త్వరగా ఎదుగుతుంది గాని, దానిలో గుడ్లు పెట్టి చంపే సన్నని కందిరీగలు ఆ తొందరను అందుకోలేకపోతున్నాయి. శత్రువు వచ్చేసరికి పురుగు గుడ్లు పెట్టే పని మొదలుపెట్టేస్తోంది. మేపుల్ విషయంలో పక్కకు జరిగిన మిత్ర పురుగుల మాట ఓక్ విషయంలో ఇలా మరో రూపంలో తిరిగి వచ్చింది. ఒక్కో చెట్టుకు ఒక్కో లెక్క కావాలనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. విల్లో ఓక్‌కు కూడా ఇటువంటి నడక లెక్క వస్తే బాగుంటుంది.

రెండో పరిమితి, ఈ పద్ధతి వద్దని చెబుతుంది గాని ఏది నాటాలో చెప్పదు. ఎనభై శాతం కాంక్రీటు ఉన్న చోటును ఖాళీగా వదిలేయలేము, నీడ అన్నిటికంటే ఎక్కువగా కావలసినది అక్కడే. ఆ ప్రశ్నకు స్థానిక వ్యవసాయ విస్తరణ (ఎక్స్‌టెన్షన్) కార్యాలయాన్నీ అనుభవమున్న నర్సరీనీ అడగవలసిందే. మా కమిటీ ఓవర్‌కప్ ఓక్, బాల్డ్ సైప్రస్ వైపు మొగ్గింది, అదీ అన్ని దిబ్బల్లో ఒకే జాతి కాకుండా. మూడో పరిమితి మట్టికి సంబంధించినది. పైన కనిపించే నేలను మాత్రమే ఈ నడక కొలుస్తుంది. ఇల్లు కట్టేటప్పుడు యంత్రాలు తిరిగి గట్టిపడిన బంకమట్టి పచ్చిక కింద దాగి ఉంటే లెక్క తక్కువ వచ్చినా చెట్టు బాధపడుతుంది. కేరీ చుట్టుపక్కల ఎర్ర బంకమట్టిలో తవ్విన ఎవరికైనా ఇది అనుభవమే. కాబట్టి సంఖ్య బాగా వచ్చిన చోట కూడా గొయ్యి తవ్వి, నీరు పోసి, ఎంతసేపట్లో ఇంకుతుందో చూసుకోవాలి.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న బంధువులకు ఈ పద్ధతి చెప్పవచ్చునా అని ఒక మిత్రురాలు అడిగారు. నడక చెప్పవచ్చు, హద్దులు చెప్పకూడదు. చెట్టు చుట్టూ నేల ఎంత కప్పబడిందో తెలుసుకోవడం ఏ ఊళ్లోనైనా మేలే. మూడో వంతు, రెండు వంతులన్న గీతలు మాత్రం అక్కడి చెట్లకూ అక్కడి పురుగులకూ విడిగా తేల్చవలసినవి. 2021 నుంచి తెలంగాణలో వేపచెట్ల కొమ్మలు ఎండిపోవడాన్ని నగరపు వేడితో ముడిపెట్టేవారు కూడా ఉన్నారు. ఆ ఎండుతెగులుకు ఫోమాప్సిస్ అనే శిలీంధ్రమూ, లేత రెమ్మలను కుట్టే టీ దోమ అనే రసం పీల్చే పురుగూ కారణమని శాస్త్రవేత్తలు చెప్పారు; అది నగరం నడిబొడ్డున ఉన్న వేపకూ పొలం గట్టు వేపకూ తేడా లేకుండా వచ్చింది. నగరపు వేడిని ప్రతి చెట్టు జబ్బుకూ కారణంగా చూపితే అసలు కారణం చేజారిపోతుంది.

ఐదుకు ఎన్ని మార్కులు వేస్తారని అడిగితే నాలుగున్నర వేస్తాను. తగ్గించిన అర మార్కు ఒకే చెట్టుకు పరిమితమైనందుకు. ఖర్చు లేనిది కాబట్టి ఉదారంగా మార్కులు వేయడం లేదు. మా సంఘం డబ్బిచ్చి కొన్న ఏ సేవా మాకు ఇంత స్పష్టమైన జవాబు ఇవ్వలేదు.

వాడదలచినవారికి కొన్ని సూచనలు. మా ప్రాంతంలో మొక్కలు నాటడానికి ఆకు రాలే కాలమూ చలికాలమూ అనువైనవి కాబట్టి, నడక అంతకు ముందే పూర్తి చేసుకుని సంఖ్యలు రాసి పెట్టుకోవాలి. ఇప్పటికే ఉన్న మేపుల్ దగ్గర కూడా నడిచి చూడాలి. మూడో వంతు లోపల ఉంటే బెరడును ఏడాదికోసారి చూసుకుంటే చాలు. మధ్య తరగతిలో ఉంటే మొదటి కొన్నేళ్ల వేసవుల్లో వారానికోసారి నిదానంగా, లోతుగా నీరు పెట్టి, మొదలు చుట్టూ బెరడు ముక్కలు పరచాలి. ఆ ముక్కలు కాండానికి తగలకూడదు. వీలైతే పక్కన పనికిరాని కాంక్రీటు పలకలు తీయించాలి, అంత చిన్న పని కూడా లెక్కలో అడుగులు తగ్గిస్తుంది. బెరడు మీద బొడిపెలు కనిపిస్తే మందు సంస్థను పిలిచే ముందు ఒక రెమ్మ కోసి నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలోని ప్లాంట్ డిసీజ్ అండ్ ఇన్‌సెక్ట్ క్లినిక్‌కు పంపించి, పురుగు జాతి పేరు రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. ఆ తరువాత వచ్చే సంస్థవారిని అడగవలసిన మొదటి ప్రశ్న, వారు వాడబోయే మందు ఆ జాతి మీద పనిచేస్తుందా అన్నది. రెండోది, చెట్టు పూతకు ముందు వాడతారా తరువాత వాడతారా అన్నది. మా క్లబ్‌హౌస్ ముందరి మేపుల్ చెట్లలో బాగా నీరసించినవాటిని ఈ చలికాలంలో తీయించి, ఆ చోట్ల ఓవర్‌కప్ ఓక్, బాల్డ్ సైప్రస్ మొక్కలు నాటాలని, గ్రీన్‌వే గట్టున ఖాళీగా ఉన్న చోట్ల మాత్రమే కొత్తగా రెడ్ మేపుల్ పెట్టాలని కమిటీ తీర్మానించింది.